గ్రీకు "ఎపిస్కొపొస్" ఒక్కటే అయితే "ఎవెక్", "ఒబీస్పొ", "వేస్కొవొ" ఇంత వేరుగా ఎందుకున్నాయి?

మాటలమూట (ప్రశ్న)

ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, ఇటాలియన్, రుమేనియన్ ఐదింట్లోనూ చర్చి మాటల పట్టిక ఒకటి వేస్తున్నాను. మూలం గ్రీకు అని తెలిసినవాటితో మొదలుపెట్టాను. నాలుగు చోట్ల ఆగిపోయాను.

1. బిషప్ అనే మాట గ్రీకు "ఎపిస్కొపొస్", అంటే పైనుంచి చూసుకునేవాడు, పర్యవేక్షకుడు. అది ఫ్రెంచిలో "ఎవెక్", స్పానిష్‌లో "ఒబీస్పొ", పోర్చుగీసులో "బీస్పు", ఇటాలియన్‌లో "వేస్కొవొ". ఇవన్నీ నిజంగా ఒకే మాటా?

2. చర్చికి ఫ్రెంచి "ఎగ్లీజ్", స్పానిష్ "ఇగ్లేసియా", పోర్చుగీసు "ఇగ్రేఝ", ఇటాలియన్ "కియేజా". రుమేనియన్‌లో మాత్రం "బిసేరిక". ఇదేం మాట?

3. ఇవి గ్రీకు నుంచి నేరుగా దిగాయా, లాటిన్ మీదుగానా? పట్టికలో ఎలా చూపించాలి?

4. సిలువ, పాపం, కృప, రక్షకుడు లాంటి మాటలకు ఈ భాషల్లో గ్రీకు ఛాయే లేదు, అన్నీ లాటినే. దేన్ని అరువు తెచ్చుకున్నారు, దేన్ని అనువదించుకున్నారు అన్నదానికి పద్ధతి ఏమైనా ఉందా?

పాతరాతలు

మూడో ప్రశ్నతో మొదలుపెడదాం, మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి. పడమటి నాలుగు భాషల విషయంలో దాదాపు ప్రతి మాటా లాటిన్ మీదుగానే వచ్చింది. గ్రీకు రూపం పక్కనే ఫ్రెంచి రూపం రాస్తే మీకేమీ అర్థం కాదు, మధ్యలో మెట్టు లేదు కాబట్టి. పట్టికలో నాలుగు గడులు పెట్టండి: ఊనిక (నొక్కి పలికే చోటు) ఏ అక్షరం మీదుందో చూపిస్తూ గ్రీకు రూపం, హ్రస్వ దీర్ఘాలతో లాటిన్ రూపం, నేటి రూపం, చివర "దారి" అని ఒకటి. ఆ నాలుగోదే అసలు గడి.

దారి అంటే మనకు తెలిసిన తేడాయే, తత్సమం, తద్భవం. జనం నోట్లో వెయ్యేళ్లు నలిగి వచ్చింది తద్భవం. చదువుకున్నవాళ్లు పుస్తకం లాటిన్ నుంచి తర్వాత ఎత్తుకొచ్చింది తత్సమం. చర్చి మాటల్లో మూడోది కూడా ఎక్కువే, అర్ధతత్సమం. జనం వాడారు, కానీ ప్రతి వారం ప్రార్థనలో లాటిన్ రూపం చెవిన పడుతూనే ఉంది కాబట్టి మాట పూర్తిగా అరగలేదు.

ఇప్పుడు మీ బిషప్. లాటిన్‌లో "ఎపీస్కొపుస్", ఊనిక "పి" మీద. ఊనిక పడ్డ అక్షరం బతుకుతుంది, చుట్టూ ఉన్నవి రాలతాయి. ఫ్రెంచిలో రెండు అచ్చుల మధ్య "ప" మెత్తబడి "బ", ఆపైన "వ" అయింది, చివర భాగం ఊడింది. పాత ఫ్రెంచి రూపం "ఎవెస్క్". తర్వాత హల్లు ముందున్న "స" కూడా పోయింది. ఇవాళ రాతలో "ఎ" నెత్తిన కనిపించే టోపీ గుర్తు ఆ పోయిన "స" ఆనవాలు. ఇటాలియన్‌లో మొదటి అచ్చు పోయింది, రెండు "ప"లూ "వ"లయ్యాయి: "వేస్కొవొ". స్పానిష్‌లో "ప" "బ" దగ్గరే ఆగింది, దాని ముందున్న "ఎ" పెదవుల ధ్వని లాగుడుకి "ఒ" అయింది, ఊనిక లేని "కొ" జారిపోయింది: "ఒబీస్పొ". పోర్చుగీసులో పుంలింగ ఉపపదం (ఇంగ్లిష్ "ది" లాంటిది) కూడా "ఒ"యే. అందుకని మొదటి "ఒ"ని జనం ఉపపదం అనుకుని విడదీసేశారని, "బీస్పు" మిగిలిందని సాధారణంగా చెప్తారు. కాబట్టి అవును, నాలుగూ ఒకే మాట.

తద్భవమా, అర్ధతత్సమమా అని తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మతంతో సంబంధంలేని మాటలో అదే ధ్వని ఏమైందో చూడండి. లాటిన్ "డియుర్నుమ్" (పగటిది) ఫ్రెంచిలో "ఝూర్", ఇటాలియన్‌లో "జోర్నొ" అయింది. అంటే "డి + అచ్చు" అనేది "జ" కావాలి. మరి గ్రీకు "డియాబొలొస్" (నిందలు వేసేవాడు) ఫ్రెంచిలో "డియాబ్ల్", ఇటాలియన్‌లో "డియావొలొ". "జ" కాలేదు. అంటే ఎవరో పట్టి ఆపారు. ఆపింది ప్రార్థనల లాటిన్.

అదే పరీక్ష చర్చికి పెట్టండి. "ఒకులుస్" (కన్ను) వాడుకలో "ఒక్లు" అయి, ఫ్రెంచిలో "ఓయ్", స్పానిష్‌లో "ఓహొ", ఇటాలియన్‌లో "ఒక్కియొ" అయింది. చర్చికి లాటిన్ మాట "ఎక్లేసియా"లోనూ అదే "క్ల". ఇటాలియన్ "కియేజా" నియమం తప్పలేదు, "క్ల" "కియ" అయింది. ఫ్రెంచి, స్పానిష్‌లలో మాత్రం "గ్ల" దగ్గరే ఆగిపోయింది, అవి అర్ధతత్సమాలు. ఒకే వరసలో ఉన్న మాటల "దారి" గడి భాషభాషకీ మారుతుంది. పట్టికలు వేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: వరస మొత్తానికీ ఒకే ముద్ర కొట్టేస్తారు.

ఇంకోటి. లాటిన్ గడిలో ప్రథమా విభక్తి రూపం రాయడం అలవాటు, కానీ రొమాన్స్ భాషల (లాటిన్ నుంచి పుట్టినవి) నామవాచకాలు ఎక్కువగా ద్వితీయా రూపం నుంచి వచ్చాయి. దీనికి మంచి మినహాయింపు ఫ్రెంచి "ప్రెత్ర్" (ఫాదరీ). గ్రీకు "ప్రెస్బుతెరొస్" అంటే పెద్దవాడు. లాటిన్ ప్రథమ "ప్రెస్బితెర్", ఊనిక మొదటి అక్షరం మీద. అందులోంచి పాత ఫ్రెంచి "ప్రెస్త్ర్". ద్వితీయ "ప్రెస్బితెరుమ్"లో అక్షరం పెరిగి ఊనిక "బి" మీదికి జరిగింది, అందులోంచి "ప్రొవోయిర్". ఒకే మాట రెండు విభక్తుల్లో గుర్తుపట్టలేనంత వేరైంది. చివరికి ప్రథమే గెలిచింది. మనుషుల్ని పిలిచే మాటల్లో ఫ్రెంచిలో అప్పుడప్పుడు ఇలా జరుగుతుంది, అక్కచెల్లెలికి వాడే "సోర్" కూడా ప్రథమే. ఓడిన రూపం ప్యారిస్‌లో ఒక వీధి పేరులో మిగిలింది: "రూ దె ప్రువేర్", ఫాదరీల వీధి.

దాన్యూబ్ గట్టు

రెండో ప్రశ్న నాకు వదిలేయండి. "బిసేరిక" కూడా గ్రీకు సంతానమే, వేరే కొమ్మ అంతే. గ్రీకు "బసిలికే" అంటే రాజుది, రాచది. లాటిన్‌లో "బసీలికా" అంటే కోర్టులూ వ్యాపారాలూ నడిచే పెద్ద హాలు. 4వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలం నుంచి చర్చి భవనాలు ఆ నమూనాలో కట్టారు, పేరూ అంటుకుంది. పడమట "ఎక్లేసియా" నిలిచింది, తూర్పు లాటిన్‌లో "బసీలికా" నిలిచింది. స్విట్జర్లాండ్ కొండల్లోని రొమాన్ష్‌లో కూడా చర్చిని "బసెల్జా" అంటారు కాబట్టి ఇది రుమేనియన్ వింత ఒక్కటే కాదు. అచ్చుల మధ్య "ల" "ర" కావడం రుమేనియన్ నియమం. "అంగెలుస్" "ఇంజెర్" (దేవదూత) అయిందీ అందుకే.

రుమేనియన్ గడిలో మీరు తప్పకుండా రెండు పొరలు చూపించాలి. మొదటి పొర లాటిన్ మీదుగా వచ్చింది: బిసేరిక, ఇంజెర్, ప్రెయోత్ (ఫాదరీ), బొతెజా (బాప్తిస్మం ఇవ్వడం), క్రెష్టిన్ (క్రైస్తవుడు). రెండో పొర తర్వాతిది. మధ్యయుగాల్లో అక్కడ చర్చి భాష స్లావోనిక్ (స్లావుల పాత మతభాష). గ్రీకు మాటలు బైజాంటియం (గ్రీకు మాట్లాడే తూర్పు రోమన్ సామ్రాజ్యం) నుంచి స్లావోనిక్ మీదుగా దిగాయి: ఎపిస్కొప్, డియాకొన్, ఎవంఘెలియె, లిటుర్ఘియె, ఇకోవానా. సన్యాసికి వాడే "కలుగర్" కూడా ఇదే దారి, గ్రీకు "కలొగెరొస్", మంచి ముసలాయన.

రెండు పొరల్ని విడదీయడానికి నిఘంటువు కూడా అక్కర్లేదు. మొదటి పొర పాత గ్రీకు ఉచ్చారణను లాటిన్ విన్న తీరు. రెండోది బైజాంటియం ఉచ్చారణ. అప్పటికి గ్రీకులో "బ" "వ" అయిపోయింది, దీర్ఘ "ఏ" "ఈ" అయిపోయింది. అందుకే:

"అంగెలొస్", "ఎవంగెలియొన్" రెండింట్లోనూ ఉన్నది ఒకే ముక్క (వార్త తెచ్చేవాడు, మంచి వార్త). ఒకే భాషలో అది "ఇంజెర్"లో "జ", "ఎవంఘెలియె"లో "గ". "జ" ఉంటే లాటిన్ దారి, "గ" ఉంటే బైజాంటియం దారి. ఇటాలియన్‌లో "ఆంజెలొ", "వంజేలొ" రెండింట్లోనూ "జ"యే, అక్కడ దారి ఒక్కటే కాబట్టి.

"బిసేరిక", మనిషి పేరు "వసీలె" రెండూ గ్రీకులో రాజు అనే మాట నుంచే. ఒకదాంట్లో "బ", ఇంకోదాంట్లో "వ".

మఠానికి గ్రీకు "మొనస్తేరియొన్", ఇటాలియన్ "మొనస్తేరొ", కానీ రుమేనియన్ "మనస్తీరె". ఆ "ఈ"ని చూసి అక్షరదోషం అనుకుని సరిదిద్దేస్తుంటారు. దిద్దకండి.

సైతానుకు రెండు మాటలు కనిపిస్తాయి. "డియావొల్" రెండో పొరది. జనం నోట ఎక్కువగా వినిపించే "ద్రాక్" లాటిన్ "ద్రాకొ" (మహాసర్పం) నుంచి, అదీ అసలు గ్రీకు మాటే.

అరువుమాట

నాలుగో ప్రశ్నకి నా లెక్క ఇది: పదవులు, మనుషులు, సంస్థ, తంతు, వీటికి గ్రీకు మాటను అలాగే ఉంచుకున్నారు. సిద్ధాంతానికి లాటిన్ మాట వెతుక్కున్నారు, లేకపోతే కొత్తగా చేసుకున్నారు. బిషప్, ఫాదరీ, డీకన్, అపొస్తలుడు, హతసాక్షి, బాప్తిస్మం ఒక వైపు. ఫీడెస్ (విశ్వాసం), గ్రాతియా (కృప), పెక్కాతుమ్ (పాపం), త్రినితాస్ (త్రిత్వం) ఇంకో వైపు. రక్షకుడికి గ్రీకు "సోతేర్" ఉండగా దాన్ని తీసుకోకుండా "సల్వాతొర్" అని కొత్త మాట కట్టారు. "ముస్తేరియొన్"కి (మర్మం) సైనికుల ప్రమాణానికి వాడే "సక్రమెంతుమ్"ని పట్టుకొచ్చారు.

ఇది ఇనప నియమం కాదు. భిన్నమతాన్ని సూచించే "హైరెసిస్" (అసలు అర్థం ఎంపిక) సిద్ధాంతం మాటే అయినా గ్రీకులోనే ఉండిపోయింది. అనువాద ప్రయత్నం ఓడిన సందర్భాలూ ఉన్నాయి. సుమారు క్రీ.శ. 200లో రాసిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ బాప్తిస్మానికి లాటిన్ "తింగెరె" (ముంచడం, అద్దడం) వాడాడు. అది నిలవలేదు, "బప్తిజారె" నిలిచింది. "తింగెరె" బట్టలకు రంగులు అద్దేవాళ్లు కూడా వాడే క్రియ. ఆ తంతు ఒక్కదానికే ప్రత్యేకమైన మాట కావాల్సివచ్చింది.

గుడికి లాటిన్‌లో "తెంప్లుమ్", "ఫానుమ్" లాంటివి ఉండగా "ఎక్లేసియా"ని ఎందుకు తెచ్చుకున్నట్టు? ఆ పాత మాటలు వేరే దేవతలవి. పైగా "ఎక్లేసియా" మొదట భవనం కాదు, కూడిన జనం. ఏథెన్స్‌లో అది పౌరుల సభ. హీబ్రూ గ్రంథాల గ్రీకు అనువాదంలో "కాహాల్"కి (సమాజం) అదే వాడారు. జనం నుంచి కట్టడానికి అర్థం తర్వాత జరిగింది.

అనువాదాలకూ ఒక గడి పెట్టండి, లేకపోతే గ్రీకు ప్రభావం సగమే కనబడుతుంది. ఆదివారం గ్రీకులో "కురియకే", ప్రభువుది. లాటిన్ దాన్ని మాటకు మాట "డొమీనికా" చేసింది. అందులోంచి ఇటాలియన్ "డొమేనికా", స్పానిష్ "డొమింగొ", రుమేనియన్ "డుమీనిక". ధ్వని లాటిన్‌ది, తలపు గ్రీకుది.

కొత్తకలం

ఇంగ్లిష్ చర్చి, జర్మన్ కిర్ఖె కూడా "ఎక్లేసియా" నుంచే కదా? "క", "చ" కలుస్తున్నాయి.

అరువుమాట

కాదండి. అవి "కురియకొన్" (ప్రభువు ఇల్లు) నుంచి. నేను పైన చెప్పిన ఆదివారం మాటకి తోబుట్టువు. ఒక్క హల్లు కలిసినంత మాత్రాన చుట్టరికం తేలదు, మాట మొత్తం కలవాలి.

మాటలమూట

చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు సందేహాలు. స్పానిష్‌లో మాటను "పలాబ్రా" అంటారు, అది గ్రీకు "పరబొలే" (ఉపమానం) నుంచి అని చదివాను. "అబ్లార్" (మాట్లాడు) కూడా అదేనా? రెండోది, ఊనిక ఎప్పుడూ లాటిన్ పద్ధతిలోనే పడుతుందా? స్పానిష్ "యేర్మొ" (బీడు) గ్రీకు "ఎరేమొస్" నుంచి అంటారు, నాకు లెక్క కుదరడంలేదు.

పాతరాతలు

"పలాబ్రా" అవును. లాటిన్ "పరాబొలా" వాడుకలో "పరాబ్లా" అయింది, తర్వాత "ర", "ల" చోటు మార్చుకున్నాయి. ఇటాలియన్ "పరోలా", ఫ్రెంచి "పరోల్", పోర్చుగీసు "పలావ్ర" అన్నీ అదే. సువార్తల్లో ఉపమానం అనే మాట రోజువారీ "మాట"గా మారడానికి చెప్పే కారణం ఏమిటంటే, లాటిన్ "వెర్బుమ్" దేవుని వాక్కుకి అంకితమైపోయింది, సంతలో వాడటానికి ఇంకోటి కావాల్సివచ్చింది. క్రియ కూడా ఫ్రెంచి "పర్లే", ఇటాలియన్ "పర్లారె"లలో ఇదే. "అబ్లార్" మాత్రం కాదు. అది లాటిన్ "ఫాబులారీ" (కబుర్లు చెప్పడం) నుంచి, పోర్చుగీసు "ఫలార్" దానికి తోడు. రుమేనియన్‌లో మాటని "కువింత్" అంటారు, అది "కొన్వెంతుమ్" నుంచి, అక్కడ పరబొలే ఊసే లేదు.

ఊనిక సంగతి. లాటిన్ నియమం తెలిసిందే: చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీద, లఘువైతే అంతకు ముందు అక్షరం మీద. గ్రీకు ఊనిక ఎక్కడున్నా ఇదే గెలవడం మామూలు. దానధర్మానికి గ్రీకు "ఎలెయేమొసునే", ఊనిక "సు" మీద. లాటిన్‌లో ఆ "సు" లఘువు, కాబట్టి ఊనిక "మొ" మీదికి వచ్చింది. ఆ "మొ" చుట్టూ మిగతాదంతా రాలిపోయి ఫ్రెంచి "ఓమోన్", స్పానిష్ "లిమోస్నా", పోర్చుగీసు "ఇజ్మోల" అయ్యాయి. అంత పొడుగు గ్రీకు మాట ఫ్రెంచిలో రెండక్షరాలకు వచ్చింది. "మొ" మాత్రం ఎక్కడా పోలేదు చూడండి.

"ఎరేమొస్" దీనికి తలకిందులు. నడుమ అక్షరం గ్రీకులో దీర్ఘం, లాటిన్ నియమం ప్రకారం ఊనిక "రే" మీద పడాలి. కానీ క్రైస్తవ లాటిన్‌లో గ్రీకు ఊనికని మొదటి "ఎ" మీద ఉన్నది ఉన్నట్టు ఉంచేసి, దీర్ఘాన్ని హ్రస్వం చేశారు. చదివి కాదు, విని నేర్చుకున్న మాట అది. ఊనిక పడిన హ్రస్వ "ఎ" స్పానిష్‌లో "యే" అవుతుంది, ఊనిక లేని నడుమ అక్షరం జారిపోతుంది: "యేర్మొ". ఒంటరి సన్యాసిని సూచించే స్పానిష్ "ఎర్మితాన్యొ"కీ ఇదే మూలం, ఎడారిలో ఉండేవాడు. విగ్రహం అనే "ఇడొలొ"ది కూడా ఇదే కథ, ఊనిక మొదటి "ఇ" మీద ఉంది. కాబట్టి ఊనిక గడి గ్రీకు వైపూ లాటిన్ వైపూ రెండుచోట్లా నింపండి, తేడా వచ్చిన చోట ఒక చుక్క పెట్టుకోండి.

అరువుమాట

చర్చి గడప దాటి బయటికొచ్చిన మాటలు మీ పట్టికలో పెడతారా? నన్నడిగితే అసలు సరుకు అదే. అన్నిటికంటే "బ్లస్ఫేమెయిన్" (దైవదూషణ చేయడం). వాడుక లాటిన్‌లో "ఫ" చోట "త" వచ్చి "బ్లస్తెమారె" అయింది. ఫ్రెంచిలో అది "బ్లామె", వట్టి నింద. దూషణ అనే అర్థం కావాల్సి వచ్చినప్పుడు మళ్లీ పుస్తకంలోంచి "బ్లస్ఫెమె" తెచ్చుకున్నారు, కాబట్టి ఫ్రెంచిలో తద్భవం, తత్సమం పక్కపక్కనే ఉన్నాయి. ఇటాలియన్ "బెస్తెమ్మియారె"లో దూషణ అర్థం చెక్కుచెదరలేదు. రుమేనియన్ "బ్లెస్తెమా" అంటే శపించడం. స్పానిష్‌లో "లస్తిమార్" అంటే గాయపరచడం, "లాస్తిమా" అంటే జాలి. "కే లాస్తిమా" అని స్పానిష్‌వాళ్లు అయ్యో పాపం అంటున్నప్పుడు వాళ్ల నోట్లో ఉన్నది దైవదూషణ.

"కథెద్రా" (పీఠం) పడమట బిషప్ కూర్చునే కుర్చీ అయి, కథీడ్రల్‌కి పేరిచ్చింది. వాడుకలో పోర్చుగీసు "కదేయ్ర" మామూలు కుర్చీ. స్పానిష్ "కదేరా" మనిషి తుంటి. కూర్చునేదాని పేరు కూర్చోబెట్టే భాగానికి పోయింది. ఫ్రెంచిలో "షేర్" ప్రసంగ పీఠం. ప్యారిస్ నోట్లో "ర" "జ" అయిన కాలంలో దాని నుంచే "షేజ్", కుర్చీ, విడిపోయింది.

"జేలొస్" (తీవ్రమైన ఆసక్తి) సంగతి కూడా చూడండి. లాటిన్ "జేలోసుస్" మీదుగా ఫ్రెంచి "ఝలూ", ఇటాలియన్ "జెలోజొ", అసూయపరుడు. దాని భావనామం ఫ్రెంచిలో "ఝలూజీ", స్పానిష్‌లో "సెలొసీయా". రెండోదానికి ఇప్పటి అర్థం కిటికీకి కట్టే జాలీ తెర, లోపలివాళ్లు బయట చూడొచ్చు, బయటివాళ్లకు లోపల కనబడదు. ఇక ఫ్రెంచి "క్రెతెన్" (మందబుద్ధి) ఆల్ప్స్ మాండలికంలో క్రైస్తవుడు అనే మాటే. అయోడిన్ లోపంతో ఎదుగుదల ఆగినవాళ్లను వీళ్లూ మనుషులే అనే అర్థంలో అలా పిలిచేవారు. 18వ శతాబ్దంలో ఫ్రెంచిలోకి ఎక్కేసరికి తిట్టు మిగిలింది.

దాన్యూబ్ గట్టు

ఒక్కటి కలుపుతాను, శనివారం. హీబ్రూ మాటే అయినా గ్రీకు "సబ్బతొన్" మీదుగా వచ్చింది. స్పానిష్ "సాబదొ", ఇటాలియన్ "సాబతొ"లలో "బ" ఒక్కటే. ఫ్రెంచి "సమ్‌దీ", రుమేనియన్ "సింబత"లలో మాత్రం "మ" ఉంది. మొదటి "బ" ముక్కుతో పలికి "సంబ-" అయిన వాడుక రూపం వేరేగా తిరిగింది. జర్మన్ "జమ్స్‌టాగ్" కూడా ఆ కొమ్మే. లాటిన్ గడిలో "సబ్బతుమ్" ఒక్కటే రాస్తే ఫ్రెంచి, రుమేనియన్ రూపాల్లో "మ" ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఆ వరసకి రెండు లాటిన్ రూపాలు పెట్టండి.